బైండరు ఇంట్లో ఆరు వారాలు

మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

నీ లావుపాటి కవరు అందింది. ముందు నేను ఉత్తరమే ఎందుకు రాస్తున్నానో చెప్పేస్తాను, లేకపోతే ఫోను చేసి మరీ అదే అడుగుతావు. ఫోనైతే నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. కిందటిసారి నలభై నిమిషాలు వాయించి, "అన్నట్టు అక్కా, నువ్వేదో చెప్పాలన్నావుగా, తర్వాత చెబుదువుగానిలే" అని పెట్టేశావు. కాగితం మీదైతే నా మాట మధ్యలో ఎవడూ దూరలేడు.

అసలు సంగతి. మీ ఊరూ మా ఊరూ సోదర నగరాలై ఈ మే నెలకి ఐదేళ్ళు నిండుతాయి. అప్పట్లో ఒక మున్సిపల్ మీటింగులో మా చైర్మన్‌గారు "పక్క ఊరికి ఏదో దేశంలో సోదర నగరం ఉందట, మనకి లేకపోతే పరువేం కాను, ఎవరికైనా ఎక్కడైనా తెలిసినవాళ్ళున్నారా?" అని అడగడమేమిటి, నేను నోరు జారి "మా తమ్ముడున్నాడండీ" అనడమేమిటి! ఆ పాపానికి పన్నుల రికార్డుల దగ్గర హాయిగా ఉన్నదాన్ని ఈ మూలగదిలోకి వచ్చిపడ్డాను. రెండు జెండాలు, ఒక బీరువా, మీ ఊరు ఏటేటా పంపే జ్ఞాపికలు. వాటిల్లో ఒక్కటైనా గోడకి వేలాడదు, బల్ల మీద నిలబడదు.

ఈసారి ఒప్పందం మళ్ళీ రాసుకోవాలి. మీ పిల్లలు పదిమంది ఏప్రిల్ పదిన వచ్చి ఇక్కడ ఆరు వారాలుంటారు. మే ఇరవై రెండున ముగింపు సభ, అందులోనే రెండు ఊళ్ళ బాధ్యుల సంతకాలు. కాబట్టి నువ్వు రావాల్సిందే. ఏటా మీ స్కూలు ఆటల మాస్టారిని తోడిచ్చి పంపి తప్పించుకుంటున్నావు, ఈసారి ఆయన సంతకం చెల్లదు.

పిల్లల గురించి నువ్వు రాసిన వివరాలు చదివాను. ఒకడు "ప్రపంచస్థాయి ఈతగాడు" అట. అంటే నీళ్ళలో మునిగిపోడు, అంతే కదా. ఒకమ్మాయి "మెతుకు ముట్టదు" అట. అంటే రెండు పూటలే తింటుందన్నమాట. చిన్నప్పట్నుంచీ నీ మాటలో సగం కొట్టేస్తే నిజం చేతికొచ్చేది. ఐదేళ్ళుగా ఈ పద్ధతిలోనే ఇళ్ళు కుదురుస్తున్నాను, ఒక్కసారీ తేడా రాలేదు. ఇళ్ళ సంగతి నీకు తెలుసుగా, పిల్లలు పడుకోబోయే మంచం మీద నేను పది నిమిషాలు పడుకుని చూడందే ఏ ఇంటికీ సరే అనను. ఊళ్ళో సగంమంది గదుల పైకప్పులు నాకు కంఠతా వచ్చు.

పదో పేరు చూసి కళ్ళజోడు తుడుచుకున్నాను. మీ అమ్మాయి! పదిహేనేళ్ళొచ్చాయా అప్పుడే దానికి! సంతోషంగా ఉందిరా. నువ్వూ వస్తావుగా, గెస్టుహౌసూ గిస్టుహౌసూ అనకుండా తిన్నగా మా ఇంటికి రా. ఆరేళ్ళ కిందటి గొడవ ఇకనైనా వదిలెయ్.

మీ అక్క
(సోదర నగర విభాగానికి అధికారి, గుమాస్తా, జెండాలు ఇస్త్రీ చేసే మనిషి)


మార్చి 13

అక్కా! అక్కయ్యా! మీ ఊరి సగం పైకప్పుల మహారాణీ!

నీ ఉత్తరం స్టాఫ్ రూములో గట్టిగా చదివాను. లెక్కల మాస్టారు నవ్వలేక కుర్చీలోంచి జారిపోయారు. సరే, సగం కొట్టెయ్, జారిపోబోయారు.

ఇక్కడ తల ప్రాణం తోకకొస్తోంది. ఒక తల్లి వచ్చి, తన కొడుకు తలగడ కూడా వాడితో వస్తుందంది. ఇంకో తండ్రి మీ ఊళ్ళో కుక్కలెన్ని ఉంటాయో జాబితా కావాలన్నాడు. ఈత కుర్రాడేమో పాస్‌పోర్టు ఫోటోలో నవ్వాడని వెనక్కి పంపారు, మళ్ళీ తీయిస్తే ఏడ్చినట్టు పడ్డాడు, అది ఒప్పుకున్నారు. ఈ ఏడు జ్ఞాపిక మూడడుగుల చెక్క గడియారం. అది మాత్రం నిలబడుతుంది, నాది పూచీ.

సంతకానికి వస్తాను. గెస్టుహౌసులో ఉంటాను. ఎందుకో చెప్పమంటావా? ఆరేళ్ళ కిందట మీ ఇంట్లో రెండు రోజులున్నాను. బావగారు ఆ రెండు రోజుల్లో నాతో అన్న మాటలు నా దగ్గర లెక్కున్నాయి. "రా." "కూర్చో." ఇంకోసారి "నువ్వు..." అని ఏదో మొదలుపెట్టి మానేశారు. నేను పలకరించని విషయం లేదు! పుస్తకాల బైండింగు గురించి అడిగాను, జిగురు గురించి అడిగాను, ఆయన చిన్నతనం గురించి అడిగాను, జవాబు రాకపోతే పోనీ అని నేనే చెప్పుకున్నాను. గోడతో అంతసేపు మాట్లాడితే గోడైనా పెచ్చులూడేది. మూడోనాడు పొద్దున్నే పెట్టె సర్దుకున్నాను. నేనంటే గిట్టని ఇంట్లో నేనుండను, అక్కా. నీ మీద నాకేం లేదు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. ఇది మాత్రం సగం కొట్టెయ్యకు. నిజంగా నిజం. పిల్ల ఏడాదిగా నోరు విప్పడం లేదు. ఇంట్లో అవును, కాదు, సరే. క్లాసులో అదీ లేదు. కిందటేడు స్కూలు వార్షికోత్సవంలో వక్తృత్వ పోటీకి నేనే ఎక్కించాను. ఉపన్యాసం నేనే రాసిచ్చాను, ఎంత బాగా వచ్చిందో! అది సగం చెప్పి బిగుసుకుపోయింది. నేను మూడో వరసలోంచి లేచి మిగతాది అందుకున్నాను కాబట్టి పరువు దక్కింది. హాలంతా చప్పట్లు. అప్పట్నుంచీ ఇలా. అందుకే అడుగుతున్నాను, దాన్ని మంచి సందడిగా ఉండే ఇంట్లో, గలగలా మాట్లాడే మనుషుల మధ్య పడెయ్. పక్కన ఎవరో ఒకరు మాట్లాడిస్తూ ఉండకపోతే అది మూగదైపోతుందేమోనని నాకు భయంగా ఉంది.

ఉత్తరం పొడుగైపోయింది. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది, స్కూలు గంట కొట్టేశారు.

నీ తమ్ముడు


మార్చి 22

ఒరేయ్,

"సగం కొట్టెయ్యకు" అని నువ్వు ఈత కుర్రాడి కాగితం మీద కూడా రాశావు. చూసుకో.

నీ కూతురు నోరు విప్పదా? నీ కూతురు? కాస్త సిగ్గరి అయ్యుంటుందిలే. అయినా నీ మాట ఎందుకు కాదనాలి, పంటి డాక్టరుగారింట్లో వేశాను. ఆ ఇంట్లో ఇద్దరు బామ్మలు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. డాక్టరుగారు కూడా రోగుల నోళ్ళు తెరిపించి తను మాట్లాడే రకం. మంచం కొంచెం గట్టి, కిటికీలోంచి వెలుతురు బ్రహ్మాండం.

బావ సంగతి నువ్వనుకున్నట్టు కాదురా. రాస్తే నమ్మవు. వచ్చాక చూద్దాం.

కుక్కలు పద్నాలుగు. మా మెట్ల కింద పడుకునేది కలిపితే పదిహేను.

మీ అక్క


ఏప్రిల్ 13

తమ్ముడూ,

ముందు కూర్చో. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకో. అందరూ క్షేమంగా దిగారు, తలగడతో సహా. ఇక్కడ అంతా సవ్యంగా ఉంది, పంటి డాక్టరుగారి నీళ్ళ పైపు తప్ప. అది పిల్లలు దిగిన రోజే పగిలి, మీ అమ్మాయికని సర్దిన గది చెరువైంది. బామ్మలిద్దరూ మంచాల మీదెక్కి కూర్చుని కూడా మాట్లాడుతూనే ఉన్నారు.

మిగతా ఇళ్ళు తొమ్మిదీ నిండాయి. పది ఇళ్ళు లేకపోతే ఒప్పందం నిలవదు. ఐదేళ్ళుగా ఊరందరి తలుపులూ తట్టి "మీ ఇంట్లో ఒక మంచం ఇవ్వండి" అని అడిగినదాన్ని, నా ఇంట్లో ఇవ్వనంటే రేపు ఎవరి మొహం చూడను? చైర్మన్‌గారు వెంటనే సరే అన్నారు. కాబట్టి మీ అమ్మాయి మా ఇంట్లో ఉంది. వీధివైపు గదిలో, పాత రిజిస్టర్లు పక్కకి జరిపి మంచం వేశాం.

అరవకు. పిల్లలకి మొదటి రెండు వారాలూ ఇంటికి ఫోన్లు లేవన్నది నువ్వూ నేనూ కలిసి రాసిన నియమమే. నాకు ఆఫీసుకి చేసినా లాభం లేదు, ఫోను పక్క గదిలో టైపిస్టు దగ్గర ఉంటుంది, నేను లేనని చెప్పమన్నాను. పిల్ల వారం వారం ఒక పేజీ రాస్తుంది, అందులో చూసుకో.

ఒక మాట ఒప్పుకుంటాను. ఈసారి నీ మాటలో సగం కొట్టెయ్యకుండా ఉండాల్సింది. మూడు రోజులైంది, పిల్ల నిజంగానే మాట్లాడదు. నాకు భయమేసింది. రోజూ పొద్దున్న మీ బావ వర్కుషాపు గుమ్మంలో నిలబడి ఆయన కుట్టే పుస్తకాలు చూస్తూ ఉంటుంది. ఆయనా పలకరు, అదీ పలకదు. మధ్యలో నేనే ఒకదాన్ని వాగుతున్నాను.

మీ అక్క


ఏప్రిల్ 22

అక్కా,

నీళ్ళ గ్లాసు పగిలింది.

మాట రాని పిల్లని తీసుకెళ్ళి మాట్లాడని మనిషి ఇంట్లో పెట్టావా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? మీ టైపిస్టుకి పదకొండుసార్లు ఫోను చేశాను. ఆవిడ గొంతు కూడా ఇప్పుడు నాకు చుట్టంలా అయిపోయింది.

పిల్ల రాసిన పేజీ వచ్చింది. నీ కోసం అచ్చంగా దింపుతున్నాను: "మావయ్య పగలంతా వర్కుషాపులో ఉంటారు. నేనూ అక్కడే ఉంటాను. భోజనం దగ్గర ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నాకు సూదీ దారం ఇచ్చారు. బాగుంది." ఇంతే! పేజీకి ఐదు వాక్యాలు! "బాగుంది" అని ఎందుకు రాసిందో నాకు తెలీదనుకున్నావా? మేం దిగులు పడతామని. పసిపిల్ల చేత పుస్తకాలు కుట్టిస్తున్నారన్నమాట, పైగా నోరు మూసుకుని. అరికాలి మంట నెత్తికెక్కింది.

నేను తమ్ముడిగా కాదు, మీ సోదర నగరానికి బాధ్యుడిగా చైర్మన్‌గారికి ఉత్తరం పంపాను. పిల్లకి ఇల్లు మార్చాలని, నియమాల ప్రకారం తనిఖీ జరగాలని. నకలు ఇందులో పెట్టాను. మనసులో ఏం పెట్టుకోకు.

పెట్టుకుంటే పెట్టుకో.

తమ్ముడు


ఏప్రిల్ 30

బాధ్యుడుగారికి,

తమ ఫిర్యాదు అందింది. ఇంటి మీద ఫిర్యాదు వస్తే ఈ విభాగం అధికారి ముందుగా చెప్పకుండా ఆ ఇంటికి వెళ్ళి, గది, పడక, వెలుతురు, భోజనం చూసి, పిల్లని ఇంటి బయట విడిగా కూర్చోబెట్టి అడిగి, మూడు రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నియమం రాసింది నేనే. ఆ అధికారిని నేనే. ఆ ఇల్లు నాదే. చైర్మన్‌గారు నీ ఉత్తరం నా బల్ల మీద పెట్టి, నవ్వు ఆపుకోడానికి కిటికీవైపు తిరిగారు.

నియమం నియమమే. మంగళవారం మూడింటికి ఫైలు పట్టుకుని ముందుగా చెప్పకుండా మా ఇంటికి వెళ్ళాను. బెల్లు కొట్టాను. మీ బావ తలుపు తీసి నన్నూ ఫైలునూ చూసి, కాసేపు ఆలోచించి, "తాళంచెవి మర్చిపోయావా?" అన్నారు. "తనిఖీకి వచ్చాను" అన్నాను. మళ్ళీ ఆలోచించి, పక్కకి తప్పుకుని, "రండి, కూర్చోండి" అన్నారు. పెళ్ళై ఇరవై మూడేళ్ళయింది, నన్ను "రండి" అనడం అదే మొదలు.

గది చూశాను. మంచం మీద పది నిమిషాలని పడుకుని గంటసేపు నిద్రపోయాను. పడక సంతృప్తికరం అని రాశాను.

తర్వాత పిల్లని పోస్టాఫీసు ఎదురుగా ఉన్న బెంచీ మీదికి తీసుకెళ్ళి అడిగాను, "ఇల్లు మార్చమంటావా?" అని.

అది వెంటనే చెప్పలేదు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఈలోగా నేను మూడుసార్లు నోరు తెరవబోయాను, నేనూ నీ అక్కనేగా. ఆపుకున్నాను. అప్పుడు చెప్పింది. మాట మాటా గుర్తుంది, రాస్తున్నాను. ఇందులో సగం కొట్టెయ్యడానికి వీల్లేదు.

"వద్దత్తయ్యా. మావయ్య ఆగుతారు."

"ఆగడమేమిటే?"

"నేనేదైనా చెబుతూ మధ్యలో ఆగిపోతే, మావయ్య అందుకోరు. అదేపనిగా నా మొహమూ చూడరు. ఆయన పాటికి ఆయన కుట్టుకుంటూ ఉంటారు. నాకు మాట దొరికేదాకా అక్కడే ఉంటారు. ఇంట్లో నేను మాట వెతుక్కునేలోపే నాన్న ఒకటి తెచ్చి చేతిలో పెట్టేస్తారు. మంచి మాటే. నాదానికంటే మంచిదే. కానీ నేను వెతుక్కుంటున్నది అది కాదు."

ఒరేయ్, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నియమాల ప్రకారం అధికారి ఏడవకూడదని ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి మీ బావని అడిగాను, వర్కుషాపులో ఏం మాట్లాడుకుంటారని. "అన్నీ" అన్నారు. నేను ఆఫీసులో ఉన్నంతసేపూ వాళ్ళిద్దరూ అన్నీ మాట్లాడుకుంటారట! అది స్కూలు గురించి, స్నేహితుల గురించి, వక్తృత్వం రోజు గురించి చెబుతుందట. కుట్టమని ఎవరూ చెప్పలేదు, చేతులూరుకోక అదే సూది అడిగింది. పాత రిజిస్టరొకటి మొత్తం తనే కుట్టింది, చాలా నీటుగా ఉంది.

అదే ఊపులో ఆరేళ్ళ కిందటిది కూడా అడిగాను. "ఆ రోజు మా తమ్ముడితో నువ్వు అని మొదలుపెట్టి మానేశారుట, ఏం చెప్పబోయారు?" మీ బావ దారానికి మైనం రాస్తూ చాలాసేపు ఆలోచించారు. "నువ్వు ఇంకో నాలుగు రోజులుండు అందామనుకున్నాను. సందు దొరకలేదు. దొరికేసరికి బండెక్కేశాడు" అన్నారు. నువ్వంటే గిట్టకపోవడం కాదురా వెర్రినాయనా. ఆయన జవాబు చెప్పడానికి కొంచెం టైము పడుతుంది, నువ్వు ప్రశ్న అడిగి జవాబు కూడా నువ్వే చెప్పేస్తావు. రెండు రోజులూ ఆ మనిషి నోరు తెరుస్తూ మూస్తూ గడిపారు. ఇన్నేళ్ళూ నీకు ఎలా చెప్పాలో తెలీక నేనూ ఊరుకున్నాను.

ఇంకొకటి. ముగింపు సభలో పదిమంది తరఫునా ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఎవరు మాట్లాడతారని అడిగితే మీ అమ్మాయి చెయ్యెత్తింది. తను అడిగినదొక్కటే: "నాన్నని రమ్మనండి. ముందు వరసలో కూర్చోమనండి. నేను ఆగిపోయినా లేవొద్దనండి."

నివేదిక: ఇల్లు మార్చనవసరం లేదు.

మీ అక్క


మే 7

అక్కకి,

చదివాను. అంటే నేను మాట్లాడ్డం వల్లే నా కూతురి నోరు పడిపోయిందంటావు. బాగుంది. రేయింబవళ్ళు దాని కోసం కొట్టుకునేవాణ్ణి నేను, పక్కన ఊరికే కూర్చున్నందుకు గొప్పవారు బావగారు. ఆ రోజు హాల్లో మీరెవరూ లేరు. నేనున్నాను. నా పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందంటారా?

మీ మరదలికి చూపించాను. అంతా చదివి, "ఇది నేను పదేళ్ళుగా చెబుతున్నాను, మీరు చెప్పనిస్తేగా" అంది. ఇంట్లో కూడా నాకు దిక్కు లేదు.

సంతకానికి ఆటల మాస్టారినే పంపుతాను. అధికార పత్రం రాసిస్తే చెల్లుతుందిలే.

తమ్ముడు


మే 9

అక్కా,

మొన్నటి ఉత్తరం నీకు అందే ఉంటుంది, లేదా దీనితోపాటే అందుతుంది. అందితే చింపెయ్.

అధికార పత్రం రాసివ్వడానికి ఆటల మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వార్షికోత్సవం మొత్తం వీడియో తీశారని అప్పుడు గుర్తొచ్చింది. నీకు రుజువు పంపుదామనుకున్నాను. పిల్ల ఎంతసేపు బిగుసుకుపోయిందో, ఎంత ఘోరంగా ఉందో, నేను లేవకపోతే ఏమయ్యేదో చూపిద్దామని. ఆయన గదిలో ఇద్దరం కూర్చుని చూశాం.

నాలుగు సెకన్లు.

అది ఆగింది నాలుగంటే నాలుగు సెకన్లు, అక్కా. నాకు ఆ రోజు అరగంటలా అనిపించింది. కింద గడియారం అంకెలు పడుతున్నాయి కాబట్టి అబద్ధం కాదు. ఆగింది, కళ్ళు పైకెత్తింది, గాలి పీల్చుకుంది, నోరు తెరిచింది. మాట వస్తోంది, పెదవులు కదులుతున్నాయి. అప్పుడు నేను లేచాను. నా గొంతు వినపడగానే పిల్ల నోరు మూసుకుంది. తర్వాత రెండు నిమిషాలు నేను చేతులూపుతూ మాట్లాడుతున్నాను, జనం నావైపు తిరిగి నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. అది స్టేజీ మీద అలాగే నిలబడి ఉంది. నేను ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు.

ఆటల మాస్టారు వీడియో ఆపేశారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఏడాదిగా ఆ పిల్ల నాతో అవును, కాదు, సరే అని ఎందుకంటోందో నాకిప్పుడు తెలిసింది.

వస్తున్నాను. గెస్టుహౌసు వద్దు. బావ ఇంకో నాలుగు రోజులుండమందామనుకున్నారుగా, ఈసారి ఉంటాను. ముందు వరసలో కూర్చుంటాను. లేవను. లేవనని దానికి చెప్పు. నువ్వు చెప్పినా నమ్మదేమో. నేనైనా నమ్మను.

నీ తమ్ముడు


జూన్ 1

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు వెళ్ళి పది రోజులు కావస్తోంది, ఇల్లు చెవులు గింగిర్లెత్తేంత నిశ్శబ్దంగా ఉంది. ఒప్పందం ఇంకో ఐదేళ్ళకి ఖాయమైంది, ఫ్రేము కట్టించి పెట్టాను. మీ చెక్క గడియారం నిలబడుతోంది, ముళ్ళే తిరగడం లేదు. పంటి డాక్టరుగారి బామ్మలు వచ్చే ఏడు ఇద్దరు పిల్లలు కావాలంటున్నారు, తలకొకరు.

సభకి ముందు నాలుగు రోజులూ వర్కుషాపులో మీ బావా నువ్వూ కూర్చుని ఏం చేశారో నాకు తెలీదు. తలుపు సందులోంచి చూస్తే ఒక్కోసారి ఎవరూ మాట్లాడ్డం లేదు. నీ ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి టీ తెచ్చాను.

ఇప్పుడు నా ఏడుపు వినరా. ఆ రోజు సభలో సరిగ్గా మీ అమ్మాయి పేరు పిలిచేసరికి మున్సిపల్ సీలు కనపడలేదు. సీలు లేకపోతే సంతకాలెందుకూ పనికిరావు. చైర్మన్‌గారి గదికి పరుగెత్తాను, బీరువాలన్నీ తిరగేశాను. చివరికి అది ఆయన కోటు జేబులోనే ఉంది. నేను హాల్లోకి వచ్చేసరికి చప్పట్లు. ఐదేళ్ళ నా కష్టంలో చూడాల్సిన ఐదు నిమిషాలు నేనొక్కదాన్నే చూడలేదు. ఆ వెంటనే పిల్లల సామాన్లు, బస్సు, వాళ్ళతోపాటే బయల్దేరే నీ హడావుడి, అడగడానికే కుదరలేదు. మీ బావని అడిగితే "మాట్లాడింది" అన్నారు. ఎలా మాట్లాడిందండీ అంటే, బాగా ఆలోచించి, "బాగా" అన్నారు. ఈ మనిషితో నేనెలా వేగాలి?

నువ్వు చెప్పు. మొత్తం చెప్పు. ఈసారి ఎంత పెంచి రాసినా ఫరవాలేదు.

మీ అక్క


జూన్ 9

అక్కా,

పెంచను. ఉన్నదున్నట్టు రాస్తాను, అలవాటు లేని పని, తప్పులుంటే సర్దుకో.

ముందు వరసలో కూర్చున్నాను. నా కుడిపక్క బావ. పిల్ల స్టేజీ ఎక్కింది. కాగితం లేదు చేతిలో. "అందరికీ నమస్కారం" అంది. ఆగిపోయింది.

నేను లెక్కపెట్టాను. నాలుగయ్యాయి. ఐదు, ఆరు. వెనక ఎవరో దగ్గారు. తొమ్మిది. నా నోట్లో తర్వాతి వాక్యం సిద్ధంగా ఉంది, అక్కా. ఒకటి కాదు, మూడున్నాయి, మూడూ బ్రహ్మాండంగా ఉన్నాయి. కాళ్ళు వాటంతటవే లేవబోతున్నాయి. బావ నా చెయ్యి పట్టుకుని ఆపుతారేమోనని చూశాను. ఆయన నావైపే చూడలేదు. తన చెప్పులవైపు చూసుకుంటూ, బస్సు వస్తుందిలే అన్నట్టు నిమ్మళంగా కూర్చున్నారు. ఇక నన్ను నేనే పట్టుకోవాల్సి వచ్చింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. పదమూడు. పద్నాలుగు. నా జీవితంలో అంత బరువు పని నేను చెయ్యలేదు.

పదిహేడు దగ్గర అది నావైపు చూసింది. నేను లేవలేదని చూసింది. అప్పుడు మైకులో, "నేనింకా ఆలోచించుకుంటున్నాను, కొంచెం ఆగండి" అంది. హాలంతా నవ్వింది. మంచి నవ్వు. తర్వాత మాట్లాడింది.

నిజం చెప్పనా? గొప్పగా ఏం మాట్లాడలేదు. ఒప్పందం జరిగిన ఏడు తప్పు చెప్పింది. బామ్మల గురించి చెప్పి నవ్వించాల్సిన చోట త్వరత్వరగా వెళ్ళిపోయింది. పుస్తకం కుట్టడం గురించి చెబుతూ మధ్యలో ఇంకో రెండుసార్లు ఆగింది. నేను రాసిచ్చి ఉంటే ఇంతకు పదింతలు బాగుండేది. అది నా ఉపన్యాసం అయ్యేది. ఇవి దాని మాటలు. పదిహేనేళ్ళ కూతురి గొంతు అంతసేపు వరసగా నేను వినడం అదే మొదటిసారని అక్కడ కూర్చున్నప్పుడు తెలిసింది. అందుకే నీకు చెప్పడానికి ఇన్ని రోజులు పట్టింది. ఏడ్చాననుకో. బావ జేబురుమాలు ఇచ్చారు, ఏమీ అనలేదు. నాకప్పుడు ఎవరూ ఏమీ అనకపోవడమే కావాలి.

ఇక్కడికొచ్చాక నేను మారిపోయానని అనుకోకు. స్టాఫ్ రూములో మామూలే. కానీ ఇంట్లో భోజనం దగ్గర ప్రయత్నిస్తున్నాను. మొదటి రోజులు మహా కష్టం. పిల్ల "రేపు..." అంటుంది, నా నోట్లో "రేపు స్కూలుకి సెలవా? పరీక్షా? కొత్త బూట్లు కావాలా?" అని మూడు ప్రశ్నలు తోసుకుంటూ ఉంటాయి. నీళ్ళు తాగేస్తాను. వారానికి ఎన్ని నీళ్ళు తాగుతున్నానో మీ మరదలు లెక్క చెబుతుంది.

నిన్న సాయంత్రం పిల్ల చెంచా కింద పెట్టి, "నాన్నా, ఒక సంగతి" అంది. ఆగింది. నేను నీళ్ళు తాగాను. మీ మరదలు నేనెప్పుడు పేలుతానా అని నన్నే చూస్తోంది. గ్లాసు ఖాళీ అయింది. ఖాళీ గ్లాసే పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి చెప్పింది. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం, తర్వాత మొత్తం. ఏడాదిగా మోస్తున్నదంతా చెప్పింది. చెప్పేసి, చెంచా తీసుకుని మామూలుగా తినేసి లేచి వెళ్ళింది.

అదేమిటో నీకు రాయాలని చేతులు పీకుతున్నాయి. నీకు తెలుసుగా, కడుపులో మాట దాచుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. కానీ అక్కా, అది "ఎవరికీ చెప్పకు నాన్నా" అనలేదు. నేను చెప్పననే అనుకుంది.

అందుకని రాయడం లేదు.

నీ తమ్ముడు